ఎందుకు, ఎంత

ఇంజనీరింగ్ ఫిజిక్స్ అన్న మాట వినని కుటుంబం తెలుగు నాట తక్కువే. బీటెక్ చదివిన పిల్లలున్న ఏ ఇంట్లో చూసినా అటక మీద అవధానులు, క్షీరసాగర్‌ల పుస్తకమో, పళనిస్వామి పుస్తకమో దుమ్ము పట్టి ఉంటుంది. పక్కనే ల్యాబ్ రికార్డు. న్యూటన్స్ రింగ్స్, టార్షనల్ పెండ్యులం, స్టీవర్ట్ అండ్ గీ, పీఎన్ జంక్షన్ ఎనర్జీ గ్యాప్. మొదటి సంవత్సరం చదివి, పాసై, బ్రాంచి సబ్జెక్టులు మొదలవగానే వదిలేసే చదువు అది. నేను హనుమకొండ వైపు ఒక కాలేజీలో ఏళ్లుగా చెబుతున్నది ఆ సబ్జెక్టే. క్లాసులో సగం మంది కళ్లల్లో "ఇది మాకెందుకు సార్" అన్న ప్రశ్న కనబడుతుంటుంది. న్యాయమైన ప్రశ్న. కంప్యూటర్ సైన్సు పిల్లవాడికి ట్రాన్సిస్టర్ ఎట్లా పుట్టిందో చెప్పకుండా క్రిస్టల్ ప్లేన్ల మిల్లర్ సూచికలు మాత్రం బట్టీ పట్టిస్తే వాడు అట్లా అడగక ఏం చేస్తాడు?

అదే పేరుతో నాలుగేళ్ల డిగ్రీ ఒకటుంది. జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసి, కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకునే రోజు దాకా ఆ సంగతి చాలామంది పిల్లలకు తెలియదు. బొంబాయి, ఢిల్లీ, మద్రాసు, గువాహటి ఐఐటీల్లో ఉంది. సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న మన ఐఐటీ హైదరాబాద్‌లోనూ ఉంది. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన వరంగల్ ఆర్ఈసీలో, అంటే ఇప్పటి ఎన్ఐటీలో, బీఎస్సీ అయినవాళ్ల కోసం ఎం.ఎస్సీ.(టెక్) ఇంజనీరింగ్ ఫిజిక్స్ నడిచింది. ఈ చదువు మన గడపకు మరీ అంత దూరంది కాదు.

మొన్న ఎండాకాలం చెల్పూర్‌లో ఉండే నా చిన్ననాటి స్నేహితుడు ఫోన్ చేసి రమ్మన్నాడు. అతను కేటీపీపీలో, అదే కాకతీయ థర్మల్ ప్లాంటులో, బూడిద తరలించే విభాగంలో కాంట్రాక్టు మీద పనిచేస్తాడు. బిడ్డకు ర్యాంకు వచ్చింది. ఆప్షన్ల జాబితాలో ఆ అమ్మాయి ఇంజనీరింగ్ ఫిజిక్స్ కూడా రాసుకున్నది. అతని గుబులంతా అక్కడే. "ఫిజిక్స్ సదివితె సార్ అయితరు. ఇంజనీరింగ్ సదివితె కొలువొస్తది. గీ రెండు కలిపితె ఏమైతర్రా?" అన్నాడు.

ఇంతకంటే సూటిగా ఆ డిగ్రీ గురించి ఎవరూ అడిగి ఉండరు. జవాబు చెప్పడానికి నేను ఎక్కడికీ పోనక్కర లేకపోయింది. పరకాల నుంచి భూపాలపల్లి పోయే ఎవరికైనా చెల్పూర్ రాకముందే ఆ పొగగొట్టం కనబడుతుంది. 2010లో 500 మెగావాట్ల యూనిటు, 2016లో 600 మెగావాట్లది, మొత్తం 1,100 మెగావాట్లు. ఆ ఇంటి వాకిట్లో కూర్చుని తల ఎత్తితే చాలు, నా జవాబు ఎదురుగానే ఉంది.

అమ్మాయి నోటుబుక్కు తీసుకుని లెక్క మొదలుపెట్టాం. 500 మెగావాట్లంటే సెకనుకు 50 కోట్ల జౌళ్లు. సింగరేణి బొగ్గులో కిలోకు సుమారు 4,000 కిలో క్యాలరీలు ఉంటాయనుకుంటే, అది 1 కోటి 67 లక్షల జౌళ్లు. బొగ్గులోని వేడిలో కరెంటుగా మారేది సుమారు 38 శాతం. అంటే సెకనుకు 80 కిలోల బొగ్గు కాలాలి. రోజుకు దాదాపు 7,000 టన్నులు. 20 టన్నుల టిప్పర్లలో పోస్తే 350 టిప్పర్లు. అందులో మూడో వంతు పైన బూడిదే. "రోజుకు రెండువేల అయిదొందల టన్నుల దాకా బూడిద," అని ఆమె రాసేసరికి మా వాడు ముందుకు వంగి నోటుబుక్కులోకి చూశాడు. అది అతను రోజూ చూసే బూడిద. దాని బరువును ఇంట్లో కూర్చుని ఇంటర్ పిల్ల కట్టగలదని అతనికి అప్పటిదాకా తోచలేదు.

అప్పుడు ఆమె అడిగింది: "ముప్పై ఎనిమిదే ఎందుకు కాకా? మిగిలిందంతా ఎటు పోతది?"

ఇక్కడే నాకు ఈ డిగ్రీ మీద ఉన్న ప్రేమంతా ఉంది. ఇలాంటి యూనిట్లలో టర్బైన్‌కు వచ్చే ఆవిరి 540 డిగ్రీల దగ్గర ఉంటుంది. పని చేసి, కండెన్సర్‌లో చల్లబడేది 45 డిగ్రీల చోట. కెల్విన్లలో 813, 318. ఫ్రెంచి ఇంజనీరు సాదీ కార్నో 1824లో చూపిన దారిలో వెళితే, ఈ రెండు ఉష్ణోగ్రతల మధ్య పనిచేసే ఏ యంత్రమైనా 61 శాతం దాటలేదు. ఎంత డబ్బు పోసినా, ఎంత గొప్ప కంపెనీ కట్టినా దాటలేదు. నూటికీ 61కీ మధ్య ఉన్న దూరం ప్రకృతి పెట్టిన హద్దు. 61 నుంచి 38 దాకా ఉన్న దూరం మనిషి చేతిది: బాయిలర్ గోడల్లోంచి జారే వేడి, పొగతో పోయే వేడి, పంపులూ ఫ్యాన్లూ తినే కరెంటు, ఆవిరి రాపిడి. ఏది ఎప్పటికీ మారదో, ఏది మార్చవచ్చో విడదీసి చూడగలిగితే సగం ఇంజనీరింగ్ అయిపోయినట్టే. చాలామంది ఇంజనీర్లకు ఆ హద్దు ఎక్కడుందో చెప్పకుండానే పట్టా ఇస్తాం. చాలామంది ఫిజిక్స్ విద్యార్థులకు హద్దు చెబుతాం గానీ, దాని ఇవతల మనుషులు పడే తిప్పలు చెప్పం.

హద్దు కూడా ఒకచోట నిలిచేది కాదు. ఆవిరిని ఇంకా వేడి చేస్తే 61 పెరుగుతుంది. దామరచర్ల దగ్గర యాదాద్రి ప్లాంటులోని 800 మెగావాట్ల యూనిట్లు సూపర్ క్రిటికల్ పద్ధతిలో నడిచేవి, అంటే ఇంకా పై ఒత్తిడిలో, పై వేడిలో. మరి ఎందుకు ఆగాలి, 800 డిగ్రీలకు పోవచ్చు కదా? పోలేం, ఇనుము ఒప్పుకోదు. అంత వేడిలో, అంత ఒత్తిడిలో ఉక్కు గొట్టం ఏళ్ల తరబడి మెల్లగా సాగుతుంది. దాన్ని క్రీప్ అంటారు. లోహంలోని స్ఫటికాల్లో పరమాణువుల వరుసలు తప్పి ఉన్న చోట్లు కొద్దికొద్దిగా జరగడమే దానికి మూలం. అంటే ఇంజనీరు చేతిలో ఉందనుకున్న సంగతి తిరిగి పరమాణువుల దగ్గరికే వచ్చింది. హైదరాబాద్‌లోని డీఎంఆర్ఎల్, మిధాని లాంటి చోట్ల ఇలాంటి మిశ్రలోహాల మీద దశాబ్దాలుగా పని జరుగుతున్నది. అక్కడ కూర్చుని ఇది ఫిజిక్సా ఇంజనీరింగా అని ఎవరూ అడగరు. ఆ ప్రశ్న కౌన్సెలింగ్ హాలులోనే పుట్టి, అక్కడే పోతుంది.

మా వాడికి ప్లాంటు గురించి నాకంటే ఎక్కువ తెలుసు, ఇంకో వైపు నుంచి. "జనరేటర్ల హైడ్రోజన్ నింపుతరు, దాని దగ్గరికి అగ్గిపెట్టె గూడ తీస్కపోనియ్యరు," అన్నాడు. గాలిలో 4 శాతం కలిసినా అంటుకునే వాయువు అది. అంత ప్రమాదం ఎందుకు కొని తెచ్చుకున్నట్టు? జనరేటర్ రోటరు నిమిషానికి 3,000 సార్లు తిరుగుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, నిమిషానికి 60 సెకన్లు, రెండూ గుణిస్తే వచ్చేది అదే. అంత వేగంతో మామూలు గాలిలో తిరిగితే గాలిని చిలకడానికే బోలెడు శక్తి పోతుంది. హైడ్రోజన్ సాంద్రత గాలిలో పద్నాలుగో వంతు, వేడిని మోసుకుపోయే గుణం దాదాపు ఏడు రెట్లు. చిలికే భారం తగ్గుతుంది, తీగల చుట్టలు చల్లగా ఉంటాయి. ఇక ప్రమాదం సంగతి: లోపల స్వచ్ఛత 98 శాతం పైన ఉంచితే, అంటుకోవడానికి చాలినంత ఆక్సిజన్ అక్కడ ఉండదు. కాబట్టి కావలసింది హైడ్రోజన్ బయటికి పోకుండా, గాలి లోపలికి రాకుండా పట్టి ఉంచే సీల్. వాయువుల గతి సిద్ధాంతం ఇంటర్‌లో చదివిన పిల్లకు ఇందులో కొత్త సూత్రం ఒక్కటీ లేదు. ఆ సూత్రం ఒక కర్మాగారం గుండెలో ఏం నిర్ణయించిందో చూడటమే కొత్త. ఆమె ముఖంలో ఆ కొత్త నేను చూశాను.

ఎందుకు అని ఒకరు అడుగుతారు, ఎంత అని ఇంకొకరు అడుగుతారు. ఫిజిక్స్ గది మొదటి ప్రశ్న దగ్గర ఆగిపోయే ప్రమాదం ఉంది, ఇంజనీరింగ్ గది రెండోదాని దగ్గర. ఇంజనీరింగ్ ఫిజిక్స్ నాలుగేళ్లూ ఈ రెండింటినీ ఒకే మనిషి చేత అడిగిస్తుంది. లగ్రాంజ్ యాంత్రిక శాస్త్రం, విద్యుదయస్కాంత సిద్ధాంతం, క్వాంటమ్ మెకానిక్స్, స్టాటిస్టికల్ మెకానిక్స్ ఒక పక్క. అనలాగ్, డిజిటల్ ఎలక్ట్రానిక్స్, సిగ్నల్స్, సెమీకండక్టర్ పరికరాలు, ఆప్టిక్స్, కంప్యూటర్ మీద లెక్క కట్టే పద్ధతులు ఇంకో పక్క. ప్రతి సెమిస్టరులో ల్యాబ్. చివర ఒక ప్రాజెక్టు. తేలిక చదువు కాదు. పక్క గదిలో కంప్యూటర్ సైన్సు మిత్రుడు మూడో ఏడాదికే ఇంటర్న్‌షిప్ పట్టుకుంటుంటే, ఇక్కడ హైడ్రోజన్ పరమాణువు సమీకరణం విడదీస్తూ కూర్చోవాలి.

కొలువు గురించి మా వాడి ముందు ఏమీ దాచలేదు. చాలా ప్రభుత్వ రంగ సంస్థల నోటిఫికేషన్లు మెకానికల్, ఎలక్ట్రికల్, సివిల్ అని బ్రాంచి పేర్లు రాసి అడుగుతాయి. ఇంజనీరింగ్ ఫిజిక్స్ ఆ వరుసలో అరుదుగా కనబడుతుంది. చదివినవాళ్లలో ఎంతోమంది సాఫ్ట్‌వేరులోకో, డేటా పనిలోకో, బ్యాంకుల లెక్కల్లోకో వెళతారు. కొందరు పీహెచ్‌డీకి విదేశాలు పోతారు. చిప్‌లు, లేజర్లు, సెన్సర్లు, ఉపగ్రహ పరికరాలు తయారుచేసే చోట్ల మాత్రం ఇలాంటి వాళ్ల కోసం వెతుకుతారు. ప్లాంటు గేటు ముందు నెలనెలా జీతం లెక్క చూసుకునే తండ్రికి ఇది మరీ ధైర్యం ఇచ్చే మాట కాదు. అయినా చెప్పాలి.

దాంతో పాటు ఇంకో ఇద్దరి కథ కూడా చెప్పాను. పాల్ డిరాక్ 1921లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తిచేశాడు. యుద్ధం తర్వాతి మాంద్యంలో ఉద్యోగం దొరకలేదు. గణితం వైపు మళ్లాడు. పన్నెండేళ్లకు ఫిజిక్స్‌లో నోబెల్ వచ్చింది. ఉజ్జాయింపులను సహించడం ఇంజనీరింగ్ చదువే తనకు నేర్పిందని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. ప్రపంచంలో అన్నీ కచ్చితంగా ఉండవు, దగ్గరి విలువతో కూడా అందమైన సిద్ధాంతం కట్టవచ్చని అర్థమయ్యాకే ముందుకు పోగలిగానన్నది ఆయన భావం. చెల్పూర్ వాకిట్లో మేం 4,000 కిలో క్యాలరీలని అనుకుని కట్టిన లెక్క కూడా ఆ జాతిదే.

రెండోవారు మన మనిషి. అయ్యగారి సాంబశివరావు, అందరూ ఏ.ఎస్. రావు అంటారు. 1914లో పశ్చిమ గోదావరి మోగల్లులో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ ఎం.ఎస్సీ. చదివి, అక్కడే కొన్నాళ్లు పాఠం చెప్పి, తర్వాత స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివారు. తిరిగివచ్చి హోమీ భాభా దగ్గర చేరారు. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టర్ నడక మొదలుపెట్టినప్పుడు, దాన్ని అదుపులో పెట్టే ఎలక్ట్రానిక్స్ ఆయన బృందం చేసిందే. బయటి దేశం నుంచి కొనకుండా ఇక్కడే కట్టినవి. ఆ బృందం పనిలోంచే 1967లో హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ పుట్టింది. ఆయనే దానికి మొదటి మేనేజింగ్ డైరెక్టరు. ఇవాళ ఏ.ఎస్. రావు నగర్ బస్సెక్కే వేలమందిలో ఆ పేరు వెనక ఒక ఫిజిక్స్ ఎం.ఎస్సీ. ఉందని ఎంతమందికి తెలుసు? న్యూట్రాన్‌ను కొలవాలంటే అది ఎట్లా ఢీకొంటుందో తెలియాలి. ఆ ఢీకొన్న చప్పుడును సంకేతంగా మార్చాలంటే సర్క్యూటు కట్టడం రావాలి. ఆయన రెండూ చేశారు. ఒకటి కాశీలో చదివారు, ఇంకొకటి కాలిఫోర్నియాలో.

ఎందుకు, ఎంత కలిసి నడవడం ఇక్కడ కొత్త కూడా కాదు. చెల్పూర్ నుంచి దగ్గర్లోనే గణపురం కోటగుళ్లు, ఆ పైన పాలంపేట రామప్ప. 1213 నాటి ఆ గుడి విమానం తేలికైన, రంధ్రాలున్న ఇటుకలతో కట్టారు, కప్పు బరువు తగ్గడానికి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు కూడా ఆ నీళ్లలో తేలే ఇటుకల ప్రస్తావన వచ్చింది. ఆ గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి కాలపు పనివాళ్ల దగ్గర సాంద్రత అన్న భావం కొలతగా ఉందో లేదో, చేతికి మాత్రం తెలిసింది. ఎప్పుడైనా పిల్లలను టూర్ తీసుకుపోతే శిల్పాల ముందు ఫోటోలు అయ్యాక, ఆ విమానం కింద నిలబెట్టి బరువు ఎన్ని టన్నులు తగ్గి ఉంటుందో లెక్క కట్టించాలి.

ఆ సాయంత్రం చీకటి పడుతుండగా అమ్మాయి అడిగిన చివరి ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. "బొగ్గు అయిపోతది గదా కాకా. సింగరేణోళ్లు కూడ సోలార్ పెడుతున్నరు. అప్పుడు గీ టర్బైన్ ఉండది. ఏమైతది?"

చాలామంది పెద్దలు కూడా అడగని ప్రశ్న. టర్బైన్ కరెంటు ఇవ్వడమే కాదు, ఇంకో పని కూడా చేస్తుంది. వందల టన్నుల ఉక్కు నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే అందులో కొన్ని సెకన్లకు సరిపడా శక్తి నిలువ ఉంటుంది. ఎక్కడో ఒక ప్లాంటు హఠాత్తుగా ఆగిపోతే, ఆ లోటును మొదటి క్షణాల్లో భరించేది ఇలా తిరుగుతున్న ఉక్కే. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూర్ మధ్య 765 కిలోవోల్టుల లైను కలిపాక దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. ఆ రోజు నుంచి చెల్పూర్ రోటరు, పంజాబ్‌లో తిరిగే రోటరు ఒకే తాళానికి తిరుగుతున్నాయి. ఒకచోట లోటు వస్తే అన్నీ కలిసి కొంచెం నెమ్మదిస్తాయి. సోలార్ పలకలో తిరిగేది ఏమీ లేదు. సిలికాన్‌లో 1.1 ఎలక్ట్రాన్ వోల్టుల గ్యాప్ దాటించి ఎలక్ట్రాన్‌ను తెస్తాం, ఇన్వర్టర్ దాన్ని ఏసీగా మార్చి పంపుతుంది. జడత్వం లేదు. సోలార్ పెరిగేకొద్దీ గ్రిడ్ తొణికిసలాట పెరుగుతుంది. తిరిగే ఉక్కు లాగా ప్రవర్తించే ఇన్వర్టర్లను తయారుచేయాలి, బ్యాటరీలతో ఆ సెకన్లను నింపాలి. ఇది ప్రపంచమంతా ఇప్పుడు తేల్చుకుంటున్న సమస్య. మొదటేడు పిల్లలు రికార్డులో రాసి మరిచిపోయే పీఎన్ జంక్షన్ ప్రయోగం ఈ కథలో ఒక కొస, టార్షనల్ పెండ్యులం ఇంకో కొస.

ఆ మాట పట్టుకుని ఈ ఏడాది మా కాలేజీ మొదటేడు పిల్లలకు ఒక ప్రాజెక్టు ఇచ్చాను. చిన్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, ఒక మైక్రోకంట్రోలర్, హాస్టల్ గోడకున్న సాకెట్. కరెంటు అల సున్నాను దాటే క్షణాలను లెక్కపెట్టి ఫ్రీక్వెన్సీ కట్టాలి, పగలూ రాత్రీ. దేశంలో ఫ్రీక్వెన్సీని 49.90 నుంచి 50.05 మధ్య ఉంచాలన్నది గ్రిడ్ నియమం. పిల్లలు గీసిన గీత ఆ పట్టీలోనే ఊగుతున్నది. సాయంత్రం దీపాలు పెట్టేవేళ వంగుతుందని వాళ్లు ముందే ఊహించారు. ఊహించనిది ఇంకోటి బయటపడింది. కొన్ని చోట్ల ఫ్రీక్వెన్సీ ఉన్నట్టుండి ఎగురుతోంది, అదీ గంట మారే నిమిషాల దగ్గరే ఎక్కువగా. సర్క్యూటు తప్పేమోనని రెండు రోజులు వెతికారు. రెండో ట్రాన్స్‌ఫార్మర్‌తో కొలిచినా అదే గీత. అప్పుడు ఒక అబ్బాయి ప్లాంట్లకు ఉత్పత్తి షెడ్యూలు 15 నిమిషాల బ్లాకులుగా, రోజుకు 96 బ్లాకులుగా ఇస్తారని చదివి వచ్చాడు. బ్లాకు మారగానే అందరూ ఒకేసారి ఉత్పత్తి మారుస్తారు కాబట్టి ఎగురుతుందేమో అన్నది వాడి వాదన. మరి మిగతా బ్లాకుల దగ్గర కంటే గంట దగ్గర ఎందుకు ఎక్కువ అన్నది పక్క అమ్మాయి ప్రశ్న. ఎంత ఎక్కువో తేల్చడానికి ఇంకో నెల డేటా కావాలన్నారు. సాకెట్ ఇంకా ఖాళీ చేయలేదు.